తొట్టికాడ సెంగమలం

నాకు దయ్యాలంటే భయం లేదు. ముందే చెప్పేస్తా ఉండా. అరవై ఒక్క ఏండ్లొచ్చినాయి, అందులో ముప్పై రెండేండ్లు నీళ్ళ తొట్టికాడే నిలబడినా, నేనేమన్నా పసిబిడ్డనా? కానీ మొన్న అరవోళ్ళ ఆడి నెల పోయినాక మా కాగితాల పట్టరలో జరిగింది చెప్పకుండా ఉండలేను. మా ఇంటామె అంబుజానికి చెప్తే, "ముందు పోయి కండ్లు చూపించుకో" అనింది. ఆ మాటకు కోపమొచ్చి రెండు దినాలు ఆమెతో మాట్లాడలా.

ముత్తియాల్‌పేటలో మణికూండు గడియార స్తంభం దాటినాక రెండో సందులో ఉండాది మా పట్టర. చేత్తో కాగితం చేసేది మా పని. బనియన్ గుడ్డల పీలికలు మూటలు మూటలుగా వస్తాయి. ఆడోళ్ళు వాటిని కత్తిపీట మింద సన్నంగా కోస్తారు. మిషన్లో వేసి రుబ్బితే గుజ్జవుతాది. ఆ గుజ్జు తొట్టి నీళ్ళలో కలిపి, జల్లెడ మాదిరుండే చట్రాన్ని అందులో ముంచి ఎత్తితే నీళ్ళు కారిపోయి మింద పలచగా ఒక పొర నిలుస్తాది. దాన్ని తడిగుడ్డ మింద బోర్లించి, పిండి, ఆరబెడితే కాగితం. చెప్పేదానికి ఇంతే. నీళ్ళతో ఎత్తేటప్పుడు ఆ చట్రం పదైదు కిలోలుంటాది. దినానికి నాలుగు నూర్ల సార్లు ఎత్తల్ల. ఒక్కసారి కూడా చెయ్యి వణక్కూడదు.

చట్రం ఎత్తేవాడు మాస్టరు, గుడ్డ పరిచేది హెల్పరు. మాస్టరంటే మొగోడు, హెల్పరంటే ఆడది. మాస్టరుకు దినానికి ఏడునూట ఇరవై, హెల్పరుకు నాలుగునూట పది. పట్టర సొంతదారు, మా మొదలాళి వీరరాఘవన్ వాళ్ళ నాయన కాలం నుంచీ ఇట్లనే తేడా. ఎందుకని ఎవురూ అడగలా. నేనూ అడగలా. ఎక్కువ వచ్చేది నాకు కదా, నేనెందుకు అడిగేది?

నా తొట్టికి హెల్పరు సెంగమలం. బాహూరు పక్క మనిషి, ఆమెదీ మా మాదిరి తెలుగిల్లే. పట్టరంతా అరవం మాట్లాడుకుంటా ఉంటే మేమిద్దరం తొట్టికాడ తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఆ తెలుగు కూడా నోటికొచ్చేదే, రాసి చూపిస్తే మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాదు. నాకు అరవం రాసేది వచ్చు. ఆమెకు ఏదీ రాదు, సంబళం తీసుకునేటప్పుడు వేలిముద్రే వేసేది. ఆ వేలు కూడా సరిగ్గా ఉండేది కాదు. చిన్నప్పుడు కత్తిపీటకు తగిలి ఎడమచేతి బొటనవేలి కొన ఏటవాలుగా తెగిపోయింది.

పదకొండేండ్ల ముందర మణికూండు కాడ బండి జారి పడి నా కుడిభుజం పోయింది. బరువెత్తకూడదు అన్నాడు డాక్టరు. బరువెత్తకపోతే నేను మాస్టరెట్లవుతా? నాలుగో దినం పనికి పోయినా. మొదటి చట్రమే చేతిలోంచి జారింది. సెంగమలం చప్పున ఇంకో పక్క పట్టుకుని, "నువ్వు పక్కన నిలబడన్నా, నేనెత్తుతా" అనింది. సాయంత్రానికి ఒక్కతే ఎత్తా ఉండాది. ఆరు నెలల్లో ఆమె చెయ్యి నా చెయ్యికంటే బాగా కుదిరింది. ఆ మాట ఒప్పుకునేదానికి నాకు ఇన్నేండ్లు పట్టింది, చూడండి.

నా భుజం మళ్ళీ బాగుపడలా. ఆమె తొట్టికాడనే నిలిచిపోయింది. ఎత్తేది ఆమే, సగం పూట గుడ్డ పరిచేదీ ఆమే. నేను పక్కన నిలబడి కాగితం బాగుందా లేదా అని చూసేవాణ్ణి. మొదలాళి బండి శబ్దం సందు మొదట్లో వినబడితే చాలు, చట్రం నా చేతికి ఇచ్చేసి గుడ్డ చేతిలోకి తీసుకునేది. ఆయన పోయినాక మళ్ళీ తీసుకునేది. మిగతా తొట్టోళ్ళకు తెలుసు, ఆడోళ్ళకు తెలుసు. ఎవురూ నోరు తెరవలా. వారం దాటితే ఏడునూట ఇరవై లెక్కన నాకు, నాలుగునూట పది లెక్కన ఆమెకు.

ఆమె ఎత్తిన కాగితంలో ఒక తప్పుండేది. చట్రం బోర్లించేటప్పుడు ఆ తెగిన వేలు ఎడమ మూల తగిలి, అక్కడ పలచబడేది. ఊరికే చూస్తే తెలీదు. వెలుతురుకు పట్టుకుంటే ఏటవాలుగా తెగిన వేలు మూలలో కనబడతాది. మొదట్లో గద్దించినా.

"ఏందిది సెంగమలం, వేలు తియ్యి."

"ఉండనీన్నా," అనింది. "నా పేరు యాడా లేదు కదా."

నేను నవ్వేసినా. అప్పుడు నాకు అది తమాషాగా అనిపించింది.

మా పట్టరలో ఒక వాడుక ఉండాది. ఆయుధ పూజ దినం ఒక్కో తొట్టిలో ఎత్తిన మొదటి కాగితాన్ని ఆరబెట్టి, ముందర గదిలో కిటికీకి ఎదురుగా తీగకు కడతారు. కింద మాస్టరు పేరు మొదలాళి తన చేత్తో రాస్తాడు. వేష్టీ తువ్వాలూ ఇచ్చి, ఆ సంవత్సరానికి సంబళం ఎంత ఎక్కువ చేసేదీ అప్పుడే చెప్తాడు. భుజం పోకముందువి పాతబడితే తీసేసినారు, ఇప్పుడు నా పేరుతో పదకొండు కాగితాలు ఆ తీగకు ఉండాయి. పదకొండూ ఆమె ఎత్తినవే.

ప్రతి సంవత్సరం పూజకు ముందు ఆమె అడిగేది. "అన్నా, ఈసారన్నా మొదలాళికి ఒక్కమాట చెప్పు. తొట్టికాడ నిలిచేది నేనని. నీది తగ్గించమని కాదు, నాది నీకు సమంగా చెయ్యమని." చూస్తాంలే అనేవాణ్ణి. చెప్తే నా పని పోతాదని భయం. భుజం లేని మాస్టరును ఎవురు పెట్టుకుంటారు? వచ్చే పూజకు చెప్తాలే అంటే ఆమె సరే అని చట్రం ముంచేది. పదకొండుసార్లు అడిగింది. అడిగినప్పుడంతా ఆమె ముఖం చూడకుండా నీళ్ళే చూసినా. మనిషన్నవాడు చేసే పనేనా అది?

ఈ ఆడి నెలలో సెంగమలం ఛాతీలో నీళ్ళు చేరి చచ్చిపోయింది. ఇరవై దినాలు దగ్గుతా పనికొచ్చింది. ఆస్పత్రికి పోరాదా అంటే, "ఒక దినం పోతే నాలుగునూట పది పోతాదన్నా" అనింది. పదహారో దినం కర్మకు నేను బాహూరు పోయి అన్నం తినేసి వచ్చినా. మరుసటి దినం పనికి పోయినా.

నా తొట్టికి లోకేశ్వరిని హెల్పరుగా వేసినాడు మొదలాళి. నలభై ఏండ్ల మనిషి, మాట కత్తి. నేను చట్రం ముంచి ఎత్తినా. భుజంలో సూది దిగినట్టయింది. పది ఎత్తితే పావుగంట కూర్చోవల్ల. లోకేశ్వరి నన్ను చూస్తానే ఉండాది.

మధ్యాన్నం అన్నం తిన్నాక మళ్ళీ ముంచినా. ఈసారి చట్రం తేలిగ్గా పైకొచ్చింది. బరువే లేదు. ఎదరపక్క ఎవురో పట్టుకుని ఎత్తినట్టు వచ్చింది. భుజం నొప్పి లేదు. సెంగమలం తడి మట్టిగాజు చట్రానికి తగిలితే 'టిక్' మంటాదే, ఆ శబ్దం వినబడింది. లోకేశ్వరి చేతులు చూసినా. ఆమెకు ఉండేది బంగారు పూత గాజులు, అవి అట్ల పలకవు. ఆమె రెండు చేతులా గుడ్డ పట్టుకుని దూరంగా నిలబడి ఉండాది.

మూడో దినం మేడ మింద ఆరిన కాగితాలు తీసేదానికి పోయినా. మంచి ఎండ. తీగల మింద కాగితాలు వరసగా ఊగతా ఉండాయి, వాటిలోంచి వెలుతురు వస్తా ఉండాది. మొదటి దానిలో ఎడమ మూల చూసినా. ఏటవాలుగా తెగిన వేలు. నా చేతులు చూసుకున్నా. నా బొటనవేళ్ళు రెండూ లావుగా, గుండ్రంగా, నిండుగా ఉండాయి. ఆ తొట్టిలో చట్రం పట్టింది నేను ఒక్కణ్ణే.

ఆ దినం మూడు కాగితాలు. మా పట్టరలో ఏదీ పారెయ్యరు. తప్పు వచ్చిన కాగితం నానబెట్టి మళ్ళీ గుజ్జులో కలిపేస్తారు. ఎవురూ చూడకముందే ఆ మూడూ చించి గుజ్జులో వేసేసినా. మరుసటి దినం పదకొండు. అవీ చించి వేసినా. వారం తిరిగేసరికి మేడ మింద ఒక తీగంతా, ఈ కొన నుంచి ఆ కొనదాకా, ప్రతి కాగితం మూలలో ఆ వేలే. అప్పుడు తెలివొచ్చింది నాకు. ఆమె గుర్తున్న కాగితాన్ని నేనే కదా మళ్ళీ మళ్ళీ తొట్టిలో వేస్తా ఉండేది.

చట్రంలో తప్పేమో అనుకున్నా. వడ్రంగి ఆసారికి డబ్బిచ్చి కొత్త చట్రం చేయించినా. రెండు దినాలు శుభ్రంగా వచ్చింది, నా భుజం మాత్రం నొప్పితో చచ్చింది. మూడో దినం మధ్యాన్నం మళ్ళీ చట్రం తేలికైంది. మళ్ళీ వేలొచ్చింది.

"ఏందమ్మా నీకు కావల్సింది?" అన్నా తొట్టిలోకి చూసి, తెలుగులో. నీళ్ళు కదిలి నిలిచినాయి. పక్కనుండే లోకేశ్వరికి నేనన్నది అర్థం కాకపోయినా, ఎవురితో అంటా ఉండానో అర్థమైంది.

"అక్క ఇంకా వేలు తియ్యలా, మాస్టర్," అనింది అరవంలో. "నేనూ చూసినా మేడ మింద."

ఆ రోజే చెప్పింది, ఆడోళ్ళు ఎనిమిదిమంది కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చినారని. ఒకే పనికి ఆడదానికొక కూలీ మొగోడికొక కూలీ ఇవ్వకూడదని చట్టముందంట. ఆఫీసరు వచ్చి విచారిస్తాదంట. "ఒకే పని అని మేము చెప్తే ఎవురు నమ్ముతారు? నువ్వు చెప్పల్ల, మాస్టర్. తొట్టికాడ ఎవురు నిలిచినారో చెప్పేది నువ్వే." నేను గుడ్డ పిండతా ఉండిపోయినా.

మొదలాళి కూడా పిలిచినాడు. ముందర గదిలో, ఆ కాగితాల తీగ కింద కూర్చోబెట్టి కాఫీ తెప్పించినాడు. "మాస్టర్, ఒక్క మాట చెప్తే చాలు. తొట్టి పని మొగోళ్ళది, ఆడోళ్ళది తేలిక పని, ఈ పట్టరలో ఆడది ఏనాడూ చట్రం ముట్టలా. అంతే."

"ఒకవేళ వాళ్ళు సెంగమలం పేరు ఎత్తితే?"

ఆయన కాఫీ తాగి లోటా కింద పెట్టినాడు. "ఎవురు ఎత్తింది, ఎవురు నిలబడి చూసింది, నాకు మొదటి సంవత్సరం నుంచే తెలుసు మాస్టర్. మీరూ నేనూ అననంతవరకు అది లేదు. అరవై ఐదేండ్ల దాకా మీ పని మీకుంటాది."

నాకు ఒళ్ళు మండింది. ఆయన మింద కాదు, నా మింద. ఆయనకు తెలుసు! పదకొండేండ్లు నేను భయపడి దాచింది దాపరికమే కాదు. బండి శబ్దం వినబడగానే ఆమె చట్రం నాకిచ్చేది నాటకం, ఆయన చూడనట్టు పోయేది నాటకం. నా నోరు మూతపడుంటే ఆయనకు దినానికి మూడునూట పది మిగలతా ఉండాది. అయినా, సరే మొదలాళీ అని లేచొచ్చినా. అదీ నేను.

ఆ మధ్యాన్నం తొట్టికాడ ఒక్కణ్ణే ఉండా. ముంచినా, తేలిగ్గా వచ్చింది. మళ్ళీ ముంచినా, తేలిగ్గా వచ్చింది. గాజు 'టిక్' మనింది. ఇన్ని దినాలూ నన్ను భయపెట్టేదానికి వచ్చిందనుకున్నా. పగ తీర్చుకునేదానికి వచ్చిందనుకున్నా. ఆమెకు పగ యాడిది? పనికొచ్చింది. నా భుజం నొస్తా ఉండాదని వచ్చింది. బతికినప్పుడన్నా నాలుగునూట పది ఉండేది, ఇప్పుడు అదీ లేకుండా నా పని నాకు చేసిపెడతా ఉండాది. తొట్టి గోడ పట్టుకుని కూర్చుండిపోయి ఏడ్చినా. అరవై ఏండ్ల మొగోడు ఏడిస్తే చూసేదానికి అసహ్యంగా ఉంటాది, ఎవురూ లేకపోయింది మేలు.

ఆడి నెల పోయి మూడు వారాలైనాక ఆఫీసరు వచ్చింది. కార్తిక అని పేరు, ముప్పై కూడా ఉండవు. పట్టరంతా తిరిగి చూసింది. మొదలాళి ఆమెను ముందర గదికి తీసుకుపోయి, కాగితాల తీగ చూపించినాడు. "చూడండి మేడం, ఒక్కో కాగితం కింద మాస్టరు పేరుంది. ఒక్క ఆడ పేరుందా? ఆడోళ్ళది కోసేది, గుడ్డ పరిచేది, తేలిక పని."

లోకేశ్వరీ మిగతా ఆడోళ్ళూ వాకిలికాడ నిలబడి ఉండారు. ఆఫీసరు నా పక్క తిరిగింది. "ఆర్. నటరాజన్ మీరేనా? ఈయన చెప్పింది నిజమా?"

అరవై ఐదేండ్ల దాకా పని. భుజం లేదు, ఇంకో పట్టరలో చేర్చుకోరు. అంబుజం షుగరు మాత్రలు గుర్తొచ్చినాయి. తల వంచుకుని 'నిజమే' అనబోయినా. కిటికీలోంచి గాలొచ్చి తీగ కదిలింది. నా పేరుండే కాగితాలు పదకొండూ వెలుతురుకు తిరిగినాయి. పదకొండు మూలల్లో పదకొండు వేళ్ళు.

నేను పోయి మొదటి కాగితం కిటికీకి పట్టినా. "ఇట్ల రామ్మా. ఈ మూల ఏం కనబడతాది?"

"వేలి గుర్తు మాదిరి ఉంది."

నా బొటనవేలు దాని పక్కన పెట్టినా. "ఇది నా వేలా, చూడు." రెండోది చూపినా, మూడోది చూపినా. పదకొండూ చూపినా. "ఇవి ఎత్తింది సెంగమలం. నా హెల్పరు. హెల్పరని పేరే, పదకొండేండ్లు తొట్టికాడ నిలిచింది ఆమే. నాకంటే బాగా ఎత్తింది. మొన్న ఆడి నెలలో చచ్చిపోయింది. నాలుగునూట పదితోనే పోయింది."

వాకిలికాడ ఎవురో ముక్కు చీదినారు.

ఆఫీసరు రాసుకుంటా ఉండి ఆగింది. కోపంగా కాదు, తెలుసుకునేదానికే అడిగింది. "అయితే ఆ పదకొండేండ్లు మీరేం పని చేసినారు సార్?"

నాకు అబద్ధం దొరకలా. "సంబళం తీసుకున్నానమ్మా," అన్నా.

అది కూడా రాసుకునింది. సెంగమలానికి ఎవురున్నారని అడిగింది. బాహూరులో కూతురు జయంతి ఉండాది, నాట్లకు పోతాదని చెప్పి ఇంటి గుర్తులు చెప్పినా. ఆ బిడ్డకు ఏమన్నా వస్తాదో రాదో ఇంకా తెలీదు.

నెల దాటేసరికి ఆర్డరొచ్చింది. ఇప్పుడు మా పట్టరలో అందరికీ ఏడునూట ఇరవై. మొదలాళి నన్ను వెళ్ళిపొమ్మన్నాడు. నాకది తగిందే. లోకేశ్వరి అడ్డం పడింది. "నేను తొట్టికాడ నిలిస్తే గుడ్డ పరిచేదానికి మనిషి కావల్ల కదా? ఈయనుండనీ." ఇప్పుడామె ఎత్తతాది, నేను పరుస్తా. వంగల్ల, గుడ్డ పరచల్ల, లేవల్ల, మళ్ళీ వంగల్ల, దినానికి నాలుగు నూర్ల సార్లు. మొదటి వారం రాత్రి పడుకుంటే నడుము తిరగలా. తేలిక పనంట.

ఆయుధ పూజకు లోకేశ్వరి మొదటి కాగితం తీగకెక్కింది. ఎవుర్నీ అడక్కుండా స్టూలేసుకుని, నా పదకొండు కాగితాల కింద నా పేరు కొట్టేసి సెంగమలం అని అరవంలో రాసింది. మొదలాళి చూసి చూడనట్టు పోయినాడు. ఆ పని ఆయనకు బాగా అలవాటు.

ఆఫీసరు వచ్చిపోయిన దినం నుంచీ ఏ కాగితంలోనూ వేలు రాలా. రోజూ మేడ మింద వెతకతా. మూలలన్నీ నిండుగా ఉంటాయి. మొన్న మధ్యాన్నం లోకేశ్వరి అన్నానికి పోతే, ఎవురూ లేరని చట్రం ముంచినా. "సెంగమలం" అని పిలిచినా. గాజు పలకలా. ఎత్తబోతే చట్రం లేవలా, భుజం పట్టేసింది, సగంలో జారి నీళ్ళన్నీ నా మింద పడినాయి.

ఇన్నేండ్లూ ఆమె ఎత్తింది ఇంత బరువా.